సంపాదకుని మాట: తన పాట తానే పాడుకున్న తార

తెరమీద ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం మామూలైపోయిన రోజుల్లోనూ పి. భానుమతి తన పాట తానే పాడుకున్నారు. ఈ సంచిక ఆమెకే అంకితం.

1925లో ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన ఆమెకు సంగీతం నేర్పింది తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య. 1939లో సి. పుల్లయ్య 'వరవిక్రయం'లో కాళిందిగా తొలిసారి కనిపించారు. 'స్వర్గసీమ' (1945) ఆమెను పెద్ద తారను చేసింది. ఇక 'మల్లీశ్వరి' (1951) చూడండి: కృష్ణశాస్త్రి మాట, సాలూరి రాజేశ్వరరావు బాణీ ఆమె గొంతులో పలికేటప్పుడు కళ్లలోని దిగులూ స్వరంలోని దిగులూ ఒక్కటే. పాడిందీ నటించిందీ ఒకే మనిషి కనుక ఆ రెంటి మధ్య అతుకు కనిపించదు.

ఆమె అక్కడితో ఆగలేదు. భర్త పి.ఎస్. రామకృష్ణారావుతో కలిసి భరణీ సంస్థను నడిపారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తానే డైరెక్ట్ చేశారు. ఆడవాళ్లు కెమెరా వెనక నిలబడడమే అరుదైన కాలమది. 'అత్తగారి కథలు'తో తెలుగు హాస్యకథకు చెరగని పాత్రను ఇచ్చారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ వరించాయి. 2005 డిసెంబరులో చెన్నైలో కన్నుమూశారు.

పూల మార్కెట్టుకు పేరుపడ్డ మన ఆనందపురంలోనూ, పక్కనే ఉన్న విశాఖలోనూ పాట నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఎందరో. వాళ్లకు మేం చెప్పదలచింది ఒకటే: భానుమతిని వినండి, చదవండి. ప్రతిభతోపాటు ఆత్మగౌరవాన్నీ ఆమె దగ్గర నేర్చుకోండి.

ఆనందపురం
సంపాదకుడు