కిరీటం మీది, బాకీ ఎవరిది?

జరిగిపోయినదాన్ని మనలో ఎవరమూ మార్చలేమని బ్రిటన్ రాజు మూడో చార్లెస్ 2024 అక్టోబరులో సమోవాలో కామన్వెల్త్ అధినేతల ముందు సెలవిచ్చారు. గతం నుంచి పాఠాలు నేర్చుకుందామనీ అన్నారు. క్షమాపణ మాత్రం నోట రాలేదు. ఎంత హుందాగా మాట్లాడారో అని మురిసిపోయినవారున్నారు. మాకు అందులో కనిపించింది ఎగవేత ఒక్కటే.

మార్చమని అసలు ఎవరడిగారు? బానిసత్వం విషయంలో కరీబియన్ దేశాలు అడుగుతున్నది తప్పు ఒప్పుకోమని, లెక్క చెప్పమని, పరిహారం గురించి కూర్చుని మాట్లాడమని. ఎవరూ కోరని అసాధ్యాన్ని ముందుకు తెచ్చి, అందరూ కోరుతున్న సాధ్యాన్ని దాని చాటున దాచేస్తున్నారు. బ్రిటన్‌కు గతం నిజంగానే అంత చేయి దాటిపోయిన వ్యవహారమా? బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 నాటి చట్టమే 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది, బానిసల యజమానులకు! బానిసలకు దక్కింది అప్రెంటిస్ అనే కొత్త పేరు, ఆ పేరుతో మరికొన్నేళ్ల జీతంలేని చాకిరీ. ఆ పరిహారం కోసం చేసిన అప్పును బ్రిటిష్ ఖజానా పూర్తిగా తీర్చింది 2015లో. అంటే మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడి ఆసుపత్రుల్లో రాత్రింబవళ్లు పనిచేసిన డాక్టర్ల జీతాల్లో కోసుకున్న పన్ను కూడా ఆ ఖాతాలోకే పోయింది. యజమానుల కోసం చేసిన అప్పు 180 ఏళ్లపాటు భద్రంగా గుర్తుంది. బాధితుల వారసులు గుమ్మంలోకి వచ్చేసరికి మాత్రం గతం మార్చలేనిదైపోయింది.

ఇది ఎక్కడో కరీబియన్ గొడవ, మనకెందుకు అనుకునేవారు నరసన్నపేట ఒకప్పుడు చెరకు తోటలకు కూలీలు తరలిపోయిన గంజాం జిల్లాలో ఉండేదని గుర్తు తెచ్చుకోవాలి. ఆ పరిహారంలో 20 లక్షల పౌండ్లకు పైగా మారిషస్ యజమానులకే ముట్టింది. విడుదలైన బానిసలు చెరకు తోటలు వదిలి వెళ్తుంటే, వారి చోట నిలబెట్టడానికి ఓడలెక్కించింది మన కూలీలను. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లు వారిలో ఉన్నారు. ఏళ్ల తరబడి ఒప్పందం, పనికి రాకపోతే కూలి కోత, పారిపోతే జైలు. ఇది బానిసత్వంతో అచ్చంగా సమానం కాదని మాకూ తెలుసు: గడువుంది, ఎంతో కొంత కూలి ఉంది. అయినా ఇది కొత్త తరహా బానిసత్వానికి దారితీయవచ్చని 1840లోనే బెదిరినవాడు మన ఉద్యమకారుడెవరో కాదు, బ్రిటన్ వలస రాజ్యాల మంత్రి లార్డ్ జాన్ రస్సెల్. రెండేళ్లకే మారిషస్ వలసకు మళ్లీ అనుమతి ఇచ్చేశారు.

అదంతా ఈస్టిండియా కంపెనీ పాపమన్న సాకూ చెల్లదు. 1858 నవంబరు నుంచి పాలన విక్టోరియా రాణి పేరు మీదే సాగింది. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. 1911 వరకు డర్బన్ రేవున్న నేటాల్‌కు వెళ్లిన సుమారు లక్షా 52 వేల మందిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు ఓడలెక్కినవారే. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటిస్తున్న వేళ మద్రాసు ప్రెసిడెన్సీలో కరువుకు జనం పిట్టల్లా రాలిపోతున్నారు. ఆ ఆకలే కూలీల దళారులకు పెట్టుబడి.

చార్లెస్ పదవికి పుట్టుక తప్ప వేరే అర్హత లేదు. ఆయన కూర్చున్న సింహాసనం మీదే ఒకప్పుడు బానిస వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీని నడిపిన రెండో జేమ్స్ కూర్చున్నాడు. తర్వాత వచ్చిన మూడో విలియమ్‌కు 1689లో అదే కంపెనీలో వెయ్యి పౌండ్ల వాటాలు దఖలు పడ్డాయి. 1795, 1807 మధ్య వెస్టిండీస్ పటాలాల కోసం రాజు సైన్యం కొన్న బానిసలు 13 వేలకు పైమాటే. తండ్రి పొలం రాయించుకున్న కొడుకు తండ్రి రాసిన ప్రోనోటు నాది కాదంటే మన ఊరి రచ్చబండ దగ్గరే నలుగురూ నవ్వుతారు. అదే మాట రాజు ఇంగ్లీషులో అంటే రాజనీతి అయిపోతుందా?

రాజు మంత్రివర్గం సలహా దాటి మాట్లాడరాదన్నది నిజం. తర్వాతి కాలంలో బ్రిటిష్ నౌకాదళం బానిస ఓడలను పట్టుకున్నదీ, ఆఫ్రికా దళారులూ కూలీలను కూడగట్టిన మన ఊళ్ల మేస్త్రీలూ వాటా తిన్నదీ నిజమే. కానీ భీమిలిలో సమాధులు వదిలివెళ్లిన డచ్చివారి రాజు విలెమ్-అలెగ్జాండర్‌కూ మంత్రివర్గం ఉంది. 2023 జులై 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన తన నోటితో క్షమాపణ అడిగారు. కిరీటమేమీ జారిపడలేదు.

సమోవా తర్వాతి కామన్వెల్త్ అధినేతల సమావేశానికి, 2026లో, ఆతిథ్యం ఆంటిగ్వా-బార్బుడాది. అక్కడ భారత్ ప్రేక్షకుడిలా కూర్చోకూడదు. డర్బన్ ఓడల జాబితాల్లో, ఫిజీ వెళ్లిన కూలీల వలస పాసుల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ రాసి ఉన్నాయి. గంజాం, విశాఖ జిల్లాల పేర్లున్న ప్రతి పుటకూ నకలు తెప్పించి తెలుగులో అచ్చు వేయించే పని రాష్ట్ర ప్రభుత్వం వెంటనే చేపట్టాలి. ఆ ఖర్చు లండన్ భరించాలని ఢిల్లీ అడగాలి.