గేటు మీటరు ఎవరి లెక్క చెబుతుంది?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకో నీటి మీటరు పెడదామంటే చాలు, అసోసియేషన్ మీటింగులో వచ్చే జవాబు ఒక్కటే: "గేటు దగ్గర జలమండలి మీటరు ఉందిగా! బిల్లు అందరం పంచుకుంటే గొడవే ఉండదు." గొడవ లేని మాట నిజమే. ఎవరెంత వాడారో తెలియనప్పుడు గొడవ ఎక్కడి నుంచి వస్తుంది?

2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధిలో మొదలైన ఉచిత నీటి పథకం ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఇచ్చింది. బస్తీలకు మీటరు షరతు పెట్టలేదు. మిగతావారికి పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం తప్పనిసరి చేసింది. అపార్ట్‌మెంటులో ఆధార్ ఫ్లాటు ఫ్లాటుకూ అడిగారు, మీటరు మాత్రం అందరికీ కలిపి ఒక్కటి సరిపోయింది. మనుషుల లెక్క విడివిడిగా, నీళ్ల లెక్క గంపగుత్తగా! ఒక ఫ్లాటు 30,000 లీటర్లు, పక్క ఫ్లాటు 10,000 వాడితే సగటు 20,000. ఇద్దరికీ బిల్లు సున్నా. పొదుపు చేసినవారికి దక్కిందేమిటి?

మీటరొస్తే బిల్లు మోత తప్పదంటారు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది నగరాలకు కేంద్రం చెప్పిన ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లు చాలు. భయపడాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

అసలు మోత ఆ బిల్లులో లేదు, మెయింటెనెన్సులో ఉంది. గేటు మీటరుకు బోరు నీళ్లు కనబడవు, ట్యాంకరు నీళ్లూ కనబడవు. 2024 వేసవిలో బోర్లు ఎండి, ఈ ప్రాంతం ట్యాంకర్ల కోసం పడిగాపులు పడింది. ఆ ఖర్చును చాలాచోట్ల చదరపు అడుగుల లెక్కన పంచుతారు. మూడు గదుల ఫ్లాటులో ఒంటరిగా ఉండే పెద్దావిడా, అంతే ఫ్లాటులో ఉండే ఆరుగురూ ఒకే మొత్తం కడతారు. చదరపు అడుగులు నీళ్లు తాగవు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఫ్లాటులోకి దిగే పైపుకు మీటరుంటే నల్లా, బోరు, ట్యాంకరు మూడూ లెక్కకొస్తాయి.

పాత భవనాల్లో వంటింటికో పైపు, బాత్రూముకో పైపు దిగుతాయి కాబట్టి ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లు కావాలి. ఇది నిజమైన ఇబ్బందే, వాటికి గడువివ్వాలి. కానీ ఇప్పుడు లేస్తున్న టవర్లకు ఆ సాకు లేదు. ఫ్లాటుకు ఒకే ఇన్‌లెట్, దానికో మీటరు లేనిదే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి వంద కిలోమీటర్లకు పైగా పంపులెక్కి వస్తున్నాయి. అంత కరెంటు పోసి తెచ్చిన నీటికి గేటు దాకానే లెక్క ఉంటే, లోపల వృథా చేసేవారి ఖర్చు పొదుపరులే మోయాలి.