99 రూపాయల సంక్షేమం

2019లో దశలవారీ మద్యనిషేధమన్నవారు దుకాణాలను ప్రభుత్వపరం చేసి, 2022లో మద్యం రాబడిని చూపి బాండ్ల రూపంలో అప్పు తెచ్చారు. మాన్పించదలచిన వస్తువును అప్పుకు పూచీగా పెట్టేవారెక్కడైనా ఉంటారా? తరువాత వచ్చిన ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తెరిపించి, క్వార్టరు సీసా 99 రూపాయలకే ఇస్తున్నామని ఘనకార్యంగా చాటింది. నాసిరకం సరుకు పోయి నాణ్యమైనది వచ్చిందని సమర్థన. వైద్యుడిగా నాకీ వాదన వింతగా తోస్తుంది. ఏ రకమైనా, 42.8 శాతం తీవ్రత గల 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. రోజూ అంత తాగితే కొన్నేళ్లకు కాలేయం గట్టిపడే ముప్పు చాలా ఎక్కువ. సీసా మీది లేబులు కాలేయం చదవదు.

ఉయ్యూరు, కంకిపాడు పొలాల్లో పనిచేసే కూలీ కడుపు ఉబ్బి, రక్తం కక్కుకుంటూ బెజవాడ చేరితే పడక పక్కన కూర్చునేది భార్య. ఆనాటి ఆమె కూలి కూడా పోయినట్లే. ఆ నష్టం ఏ బడ్జెట్టు లెక్కలోనూ కనబడదు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రగిల్చిన ఉద్యమం వల్ల 1995లో నిషేధం వచ్చింది. రెండేళ్లకే ఖజానా సాకుతో సడలిపోయింది. మద్యనిషేధానికి కృషి చేయమనే రాజ్యాంగం 47వ అధికరణం మాత్రం చెక్కుచెదరలేదు. మద్యం రాబడిలో ఎంత భాగం కాలేయ చికిత్సకూ, వ్యసన విముక్తి కేంద్రాలకూ పోతున్నదో మీ శాసనసభ్యుణ్ణి రాతపూర్వకంగా అడగండి.