అన్నా, ఏ లినక్స్ వేయాలి? (మన కంప్యూటర్లు – 6వ భాగం)

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఏడాది పొడిగింపు ఉంది గానీ అది వాయిదా మాత్రమే. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అంటే 2018కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు గుమ్మం బయటే.

మన పిల్లల చేతుల్లో ఉన్నవి ఏవి? ఎవరో వాడి ఇచ్చినవి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, సీనియర్ హాస్టల్ ఖాళీ చేస్తూ వదిలేసినవి. షాపుకి తీసుకెళ్తే "ఇది అయిపోయింది, కొత్తది కొనుక్కో" అంటారు. నిజానికి అయిపోయింది విండోస్ 10 గడువు. మిషన్ బాగానే ఉంది. అందుకే గత భాగం కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ లినక్స్ వేయాలి?"

ముందు ఆ "ఏ" సంగతి చూద్దాం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్ విడుదల చేశాడు. ఆ కెర్నల్‌కి పనిముట్లు, డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీసు అన్నీ కలిపి మనకు వాడటానికి ఇచ్చే మూటే డిస్ట్రిబ్యూషన్. బియ్యం ఒకటే. ఒకరు అన్నం వండుతారు, ఇంకొకరు పులిహోర కలుపుతారు. వందల మూటలున్నాయి. కొత్తవాడు భయపడేది అక్కడే.

ఆ భయం మీద ఇంకో గోడ కడతారు కొందరు. "మింట్ చిన్నపిల్లలది. ఆర్చ్ వేస్తేనే అసలు లినక్స్ వచ్చినట్టు" అంటారు. ఆర్చ్ మంచిదే, నేర్చుకున్నవాళ్లకి. కానీ మొదటి రోజే నల్ల తెర మీద ఆదేశాలు కొట్టలేనివాడికి అర్హత లేదనడం ఏం న్యాయం? చదువు దగ్గర మెట్లు కట్టి, కింద నిలబడ్డవాణ్ని చూసి నవ్వేవాళ్లు మనకు కొత్త కాదు. ఈ మెట్లను లెక్కచేయకండి.

ఇంకో వైపు నుంచి వచ్చే వల కాలీ లినక్స్. హ్యాకింగ్ వీడియోలు చూసి చాలామంది తమ్ముళ్లు మొదటగా వేసేది అదే. అది సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్ల కోసం తయారుచేసిన పనిముట్టు. లినక్స్ తెలియనివాళ్లకు ఇది తగదని ఆ కాలీ వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నారు. నోట్సు రాసుకోడానికి, దరఖాస్తులు పెట్టుకోడానికి అది వద్దు.

మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడే. నా మిషన్ ఎంత బరువు మోస్తుంది? అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? చిక్కు వస్తే నా దగ్గర్లో ఎవరున్నారు?

నా సలహా సూటిగా చెప్తాను. మొదటిసారి అయితే లినక్స్ మింట్. ర్యామ్ 4 జీబీ లేదా తక్కువైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 జీబీ ఉంటే సినమన్. కింద మెనూ, పక్కన గడియారం, విండోస్ వాడిన చేతికి కొత్తగా అనిపించదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. మీ కాలేజీ ల్యాబ్‌లోనో, పక్క గదిలోనో ఉబుంటు వాడేవాళ్లుంటే మాత్రం ఉబుంటు ఎల్‌టీఎస్ వేయండి. రెండేళ్లకొకటి వస్తుంది, ఐదేళ్లు మద్దతు ఉంటుంది. ఫెడోరా కూడా గట్టిదే, కానీ ఒక్కో వెర్షన్‌కి మద్దతు సుమారు 13 నెలలే. డేటా కొలిచి వాడుకునే ఇంట్లో ఏడాదికోసారి పెద్ద డౌన్‌లోడ్ అంటే భారం.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. ఏ డిస్ట్రిబ్యూషన్ గొప్పదన్న చర్చ కన్నా, రాత్రి తొమ్మిదింటికి వైఫై రాకపోతే తలుపు తట్టగలిగే మనిషి ఉండటం ముఖ్యం. కేరళ సర్కారు బడులు ఈ పని ఎప్పుడో చేశాయి. ఒకటే లినక్స్ ఎంచుకుని, టీచర్లకు శిక్షణ ఇచ్చి, రాష్ట్రమంతా అదే వాడాయి. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తేవడానికి ఏళ్ల తరబడి పని చేశారు. మన కాలనీ లైబ్రరీలో పది మిషన్లుంటే పదింటిలోనూ ఒకటే వేయండి. ఒకరు నేర్చుకున్నది పదిమందికీ పనికొస్తుంది.

వేసే ముందు ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఫైలు సుమారు 3 జీబీ. ఒక్కరు దించి అందరికీ కాపీ ఇవ్వొచ్చు. ఇది దొంగ కాపీ కాదు, పంచుకోమని లైసెన్సే చెప్తుంది. క్రాక్ చేసిన విండోస్‌తో వైరస్‌ని ఇంటికి తెచ్చుకునే అవసరం తీరిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్, వీడియో క్లాసు చూసుకోండి. తెలుగు టైపింగ్ కూడా అక్కడే చూడండి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దాంట్లోనే ఉంటుంది. అన్నీ నడిస్తేనే ఇన్‌స్టాల్ చేయండి. అంతకన్నా ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే చోట దాచుకోండి. డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ కూడా ఆ తెర మీదే ఉంటుంది.

దాచకుండా ఒక మాట. డీటీపీ పని చేసే అన్నలకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్ మీదే. ట్యాలీతో బతికేవాళ్లదీ అదే కథ. కొన్ని ఆన్‌లైన్ పరీక్షలు కూడా విండోస్ అడుగుతాయి. అలాంటివాళ్లు విండోస్ తీసేయకండి, డిస్క్‌లో చోటుంటే రెండూ పక్కపక్కనే పెట్టుకోండి. కూలి పోగొట్టుకుని స్వేచ్ఛ తెచ్చుకోమని నేను ఎవరికీ చెప్పను.

మిగతావాళ్లు ఇక ఆలోచన ఆపి ఈ ఆదివారమే పని మొదలుపెట్టండి. మీ మిషన్ మోడల్, ర్యామ్, ఊరు కింద రాయండి, ఒకే ఊరివాళ్లను నేను కలుపుతాను. వచ్చే భాగంలో లిబ్రేఆఫీస్‌లో తెలుగు అర్జీ రాయడం గురించి మాట్లాడుకుందాం.