లైబ్రరీ మూస్తుంటే మనకెందుకు?

బ్రిటన్‌లో కౌన్సిళ్లకు డబ్బు కటకట వస్తే లైబ్రరీల మీద వేటు పడటం కొత్తేమీ కాదు. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది, దాదాపు దివాలా అన్నమాట. లైబ్రరీల కోతకు ప్రతిపాదనలొచ్చాయి, స్థానికులు వీధికెక్కారు.

లండన్‌లో కెన్సల్ రైజ్ లైబ్రరీని 1900లో మార్క్ ట్వేన్ ప్రారంభించారు. బ్రెంట్ కౌన్సిల్ 2011లో మూసేసింది. జనం కోర్టులో ఓడినా వదల్లేదు. ఏళ్ల తరబడి పట్టుబట్టి భవనంలో కొంత భాగం దక్కించుకున్నారు, మిగతాది ఫ్లాట్లయింది. ఇప్పుడు నడిపేది వలంటీర్లు. నన్నడిగితే ఇది సగం గెలుపే. సమగ్రమైన లైబ్రరీ సేవ అందించే బాధ్యతను 1964 చట్టం కౌన్సిళ్ల మీదే పెట్టింది మరి.

మన పిల్లలు సంచులనిండా పుస్తకాలు తెచ్చుకునేది ఈ లైబ్రరీల నుంచే. అయినా ఇలాంటి సభల్లో మనవాళ్లు అరుదు. ‘వీసా మీద ఉన్నాం, మనకెందుకండీ’ అంటారు. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులకు కామన్వెల్త్ పౌరులుగా స్థానిక ఎన్నికల్లో ఓటుంది, పేరు నమోదు చేయించుకోవాలంతే. కౌన్సిల్ అభిప్రాయ సేకరణ ఫారం వస్తే నింపండి. ‘మూయొద్దు’ అని ఊరుకోకుండా, ఏ రోజుల్లో వెళతారో, మూస్తే పిల్లలు ఏ బస్సెక్కాలో కూడా రాయండి.