పునాదికి ముందే మీటరు లెక్క

శీర్షిక: కాలువ గట్టు

2022 ఏప్రిల్ 4న పాత పశ్చిమ గోదావరి విడిపోయింది. ఏలూరు సొంత పేరుతో జిల్లా అయింది, పాత పేరు భీమవరానికి వెళ్లింది, కైకలూరు, నూజివీడు ఏలూరుకు వచ్చి కలిశాయి. జిల్లాలు మారితే ఆఫీసులూ కావాలి. కలెక్టరేటు, పోలీసు కార్యాలయం, కోర్టులు, హాస్టళ్లు, గోదాములు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన నిట్, పాత విమానాశ్రయ భూముల్లో పెరుగుతోంది. ఈ పదేళ్లలో ప్రజల సొమ్ముతో కట్టేవన్నీ ఇంకో యాభై ఏళ్లు నిలబడతాయి. ఆ యాభై ఏళ్లూ వాటి కరెంటు బిల్లు కట్టేది కూడా ప్రజలే.

అందుకే నా కోరిక ఒక్కటే. ఇకపై ఈ ప్రాంతంలో కట్టే ప్రతి ప్రభుత్వ భవనం తాను వాడే కరెంటును తానే పుట్టించుకోవాలి. ఇది సలహాగా మిగలకూడదు. నిబంధన కావాలి, ఎస్టిమేట్ దశలోనే ఉండాలి.

ఎందుకింత పట్టుదల అంటే, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఈమధ్య కట్టిన ఆఫీసుల్లోకి వెళ్లి చూడండి. చాలాచోట్ల కనిపించేది ఇదే. అందం కోసం పడమటి వైపు నిలువెత్తు అద్దాలు పెట్టారు. ఆ ఎండ భరించలేక సిబ్బంది వాటికి పాత పేపర్లు అంటించారు, బీరువాలు అడ్డం పెట్టారు. దాంతో గది చీకటైంది, పట్టపగలే ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది. ఎదురు గోడకు కిటికీ లేదు గనక ఆ సగంలోంచి వచ్చిన గాలికి బయటికి దారి లేదు. పైన స్లాబు వేడి పొద్దుపోయినా దిగదు. ఆఫీసరు గదికి ఏసీ ఉంది. దాని బయటి యూనిట్ వరండాలోకి వేడిగాలి ఊదుతుంటుంది. పింఛను కాగితం పట్టుకుని వచ్చిన ముసలమ్మ నిలబడాల్సింది ఆ వరండాలోనే.

ఈ భవనం మీద సోలార్ పలకలు పరిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. అంతస్తుకు 1,000 చదరపు మీటర్ల చొప్పున రెండంతస్తుల ఆఫీసు అనుకుందాం. కప్పు మీద నీళ్ల ట్యాంకు, మెట్ల గది, వాటి నీడ పోగా 600 చదరపు మీటర్లు మిగులుతుంది. ఒక కిలోవాట్ పలకలకు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. అంటే 60 కిలోవాట్లు పడతాయి. మన ఎండకు కిలోవాట్‌కు ఏడాదికి 1,400 యూనిట్లు వేసుకున్నా, వచ్చేది 84,000 యూనిట్లు. ఇప్పుడు భవనం చదరపు మీటరుకు ఏడాదికి 60 యూనిట్లు తాగుతుంటే ఖర్చు 1,20,000. ఇంకా 36,000 లోటు. అదే భవనం 42 యూనిట్లతో సరిపెట్టుకుంటే లెక్క సున్నాకు వస్తుంది. మూడో అంతస్తు వేశామా, 28 యూనిట్లకు దిగాలి. కప్పు మాత్రం పెరగదు కదా. వాడకం తగ్గించకుండా పలకలు పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

జీరో ఎనర్జీ భవనమంటే కరెంటు వాడని భవనం కాదు. ఏడాది మొత్తం మీద గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కు ఇచ్చిందీ సమానమైతే చాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ ఇలాంటి భవనాలకు ‘శూన్య’ లేబుల్ ఇస్తోంది. ఢిల్లీలో పర్యావరణ మంత్రిత్వ శాఖ కార్యాలయం ఇందిరా పర్యావరణ్ భవన్ 2014లోనే ఈ లక్ష్యంతో ప్రారంభమైంది. కప్పు మీద 930 కిలోవాట్ల సోలార్ ఉంది. కట్టింది ఎక్కడి నుంచో వచ్చిన కంపెనీ కాదు, మన కేంద్ర ప్రజా పనుల శాఖ సీపీడబ్ల్యూడీ. మనకు కరెంటిచ్చే ఏపీఈపీడీసీఎల్ కూడా విశాఖలో బీఈఈ సాయంతో ‘సూపర్ ఈసీబీసీ’ ప్రమాణాల భవనం తలపెట్టింది. మామూలు భవనంతో పోలిస్తే వాడకం సగానికి తగ్గించడం ఆ ప్రమాణం ఉద్దేశం. విశాఖ దాకా వచ్చిన ఆలోచన ఏలూరుకు రావడానికి అడ్డేమిటి?

చట్టం లేక కాదు. ఇంధన పొదుపు భవన నియమావళి, అంటే ఈసీబీసీ, 2007లో వచ్చింది, 2017లో మారింది. మన రాష్ట్రం 2014లోనే దాన్ని తప్పనిసరి చేసింది. కానీ కేంద్ర చట్టం చూపు పెద్ద భవనాల మీదే ఉంది. 100 కిలోవాట్ల లోడ్ గానీ 120 కేవీఏ డిమాండ్ గానీ ఉంటేనే దాని కిందికి వస్తాయి. పంచాయతీ ఆఫీసు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మండల కార్యాలయం ఆ హద్దు కిందే ఉండిపోతాయి. ఆ హద్దును రాష్ట్రాలు తగ్గించుకోవచ్చని 2022 సవరణ వీలిచ్చింది. నిజానికి సున్నాకు తేవడం తేలిక ఈ చిన్న భవనాలనే. ఒకటో రెండో అంతస్తులు, పగటి వాడకం, పైన కావలసినంత కప్పు. 2019లో రాష్ట్రంలో 15,004 గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. ఆ తర్వాత ఊరూరా వాటి భవనాలు మొదలయ్యాయి. అనంతపురం పొడి ఎండకూ, కొల్లేటి ఉక్కపోతకూ దాదాపు ఒకే నమూనా. అప్పుడే ఈ నిబంధన ఉండి ఉంటే ఎంత మేలు జరిగేదో! ఆ అవకాశం పోయింది. ఇంకోటి పోగొట్టుకోకూడదు.

ముందు ప్రభుత్వం చేసి చూపించాలన్న పద్ధతి లోకంలో కొత్తది కాదు. యూరప్ 2010లో చేసిన శాసనంలో దాదాపు జీరో ఎనర్జీకి చేరాలని కొత్త ప్రభుత్వ భవనాలకు 2018 చివర గడువు పెట్టింది, మిగతా అందరికీ 2020 చివరిదాకా ఇచ్చింది. పక్కనున్న తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ఎండను తిప్పికొట్టే కప్పును ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి చేసింది. మన దగ్గర ఆగిపోతున్నది ఇంజినీర్లకు తెలియక కాదు. కట్టే జేబు ఒకటి, బిల్లు కట్టే జేబు ఇంకొకటి. ఆర్ అండ్ బి ఇంజినీరు మీద ఉండే ఒత్తిడి చదరపు అడుగు ఖర్చు తగ్గించమనే. టెండరు తక్కువ కోట్ చేసిన వారిదే. తర్వాత వచ్చే బిల్లు వేరే శాఖ నెత్తిన పడుతుంది, అది బకాయిగా మారి డిస్కం మెడకు చుట్టుకుంటుంది.

ఖర్చు మాటా చూద్దాం. కిలోవాట్‌కు 50 వేలు వేసుకుంటే ఆ 60 కిలోవాట్లకు 30 లక్షలు. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఏడాదికి మిగిలేది 5 లక్షల 88 వేలు. అయిదేళ్లు దాటగానే పెట్టుబడి తిరిగొస్తుంది. పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి. వాడకం తగ్గించే పనుల్లో చాలావాటికి డబ్బు కంటే ముందుచూపు కావాలి. భవనం పొడుగు తూర్పు పడమరలుగా సాగితే పడమటి ఎండ తగిలే గోడ చిన్నదవుతుంది. ప్రతి కిటికీకి లోతైన సన్‌షేడ్, పూర్తిగా తెరుచుకునే రెక్కలు, ఎదురెదురు కిటికీలు, స్లాబు మీద తెల్లటి పూత. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను. మన గాలిలో తేమ ఎక్కువ, ఎయిర్ కూలరు పెడితే ఉక్క పెరుగుతుంది. ఇక్కడ ఒంటికి హాయినిచ్చేది పారే గాలి, గోడకు నీడ. మండువా లోగిళ్లు కట్టిన మన మేస్త్రీలు చుట్టూ వసారా దింపింది అందుకే.

న్యాయమైన అభ్యంతరాలూ ఉన్నాయి. ఆసుపత్రి రాత్రింబవళ్లు నడుస్తుంది. ఆపరేషన్ థియేటర్లున్న అయిదంతస్తుల భవనం తన కప్పుతోనే సున్నాకు రాలేదు. దానికి సూపర్ ఈసీబీసీ స్థాయి పెట్టి, మిగతా కరెంటు వేరే సోలార్ కేంద్రం నుంచి తేవాలి. భీమవరం మండలం గొల్లవానితిప్ప దగ్గర లోసరి కాలువ మీదే పలకలు పరిచి కరెంటు తీసిన ప్రాంతం మనది. రెండో సంగతి మరీ ముఖ్యం. గ్రిడ్‌కు కలిపిన సోలార్, గ్రిడ్ పోతే లైన్‌మన్ ప్రాణరక్షణ కోసం తానూ ఆగిపోతుంది. తుపాను రాత్రి బ్యాటరీ లేకపోతే పలకలున్నా చీకటే. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరు లంకలు నీట మునిగినప్పుడు జనం తలదాచుకునేది బడిలోనే. టీకాల ఫ్రిజ్ ఉండేది ఆరోగ్య కేంద్రంలో. ఈ రెండింటికీ ఎత్తైన పునాది, గాలికి తట్టుకునే బిగింపు, చిన్నదైనా బ్యాటరీ తప్పనిసరి చేయాలి.

నిబంధన నిలబడాలంటే మూడు మాటలు చాలు. ఒకటి, చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లో ఎస్టిమేట్‌లో రాయనిదే సాంకేతిక అనుమతి ఇవ్వకూడదు. రెండు, కాంట్రాక్టరు డిపాజిట్‌లో కొంత భాగం భవనంలోకి దిగిన ఏడాది తర్వాత, మీటరు రీడింగు చూశాకే విడుదల చేయాలి. పలకలు కడగడం, ఇన్వర్టరు చూసుకోవడం అయిదేళ్లపాటు ఆ కాంట్రాక్టులోనే ఉండాలి. కాకి రెట్ట పడి మసకబారిన పలక కరెంటివ్వదు. మూడు, ఆ రీడింగు ప్రతి ఏటా భవనం గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలి. కొలిచే పని తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థులకు అప్పగించండి. వాళ్లకు చదువు, మనకు నమ్మకమైన లెక్క.

ఏలూరు, భీమవరం ప్రజాప్రతినిధులు ఈ నిబంధన తెచ్చే జీవో కోసం పట్టుబట్టాలి. అది వచ్చేదాకా కూడా ఆగనక్కర్లేదు. జిల్లా పరిషత్ తన కొత్త భవనాలకు తీర్మానం చేసుకోవచ్చు, పురపాలక సంఘాలూ చేసుకోవచ్చు. వచ్చే శంకుస్థాపనకు మీ ఊళ్లో పిలుపు వస్తే వెళ్లండి. ఈ భవనం ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతుంది, ఎన్ని పుట్టిస్తుంది అని ఇంజినీరు గారిని మర్యాదగానే అడగండి. జవాబు లేకపోతే ఆ ఎస్టిమేట్ వెనక్కి పంపమని అక్కడే అర్జీ ఇవ్వండి.

— కె.వి.ఆర్., ఏలూరు