ఇల్లు అమ్మేటప్పుడు ఆ 0.5 బటన్ జోలికి వెళ్లకండి

చిల్లకూరులో మా తాత కట్టించిన మిద్దె ఇల్లు అమ్మేద్దామని పోయిన సంక్రాంతికి ఇంట్లో అనుకున్నారు. తాత లేడు. అవ్వ చెన్నైలో అత్త దగ్గర ఉంటోంది. నేను బెంగళూరులో కోడ్ రాసుకుంటున్నా. తాళం వేసిన ఇల్లు ప్రతి వానకీ ఇంకొంచెం పాడవుతోంది. కాగితాల పని చిన్నాయన తీసుకున్నాడు. "నీ దగ్గర మంచి ఫోన్ ఉంది కదరా, ఫోటోలు నువ్వు తియ్" అని ఆ పని నాకు అంటగట్టారు. ఈ సైట్ చదివేవాళ్లలో సగం మందికి ఇంట్లో ఇదే ఉద్యోగం అనుకుంటా. చెల్లి పెళ్లి సంబంధానికి ఫోటో కావాలన్నా, పాత బైక్ అమ్మకానికి పెట్టాలన్నా మనమే.

ఆ ఫోటోలు నేను రెండుసార్లు తీయాల్సి వచ్చింది. రెండోసారి ఎందుకు తీయాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నిజానికి నాకంటే ముందు చిన్నాయనే కొన్ని తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. మూసిన గేటు ఒకటి, దాని ముందు ఎవరిదో మేక. సాయంత్రం ఆరున్నరకి ట్యూబ్‌లైట్ వేసి తీసిన హాలు ఒకటి, మూల మీద ఆయన బొటనవేలు. ఆ ఫోటోలు ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల చేతులు మారేసరికి వాటి మీద పసుపు రంగులో పెద్ద ఫోన్ నంబర్ ఎక్కింది, బొమ్మ ఇంకా మసకబారింది. ఫోన్లు వచ్చాయి, రాలేదని కాదు. కానీ చేసిన ప్రతివాడూ ఒకటే మాట: "ఎటూ పడగొట్టేదే కదా సార్, స్థలం రేటు చెప్పండి."

టేకు తలుపులు, రెడ్ ఆక్సైడ్ గచ్చు, ఇప్పటికీ నీళ్లున్న బావి. ఇవేవీ లెక్కలోకి రాలేదు, ఎందుకంటే ఎవరికీ కనిపించలేదు. నాసిరకం ఫోటో వల్ల లైకులు తగ్గడం మనకి తెలుసు. ఇక్కడ ఇంటి విలువ మొత్తం సున్నా అయి, కింద ఉన్న మట్టికే రేటు మిగిలింది.

ఇదివరకు మా వైపు ఈ సమస్య ఉండేది కాదు. ఇల్లు కొనేవాడు పక్క వీధి వాడో, గూడూరు వాడో అయి ఉండేవాడు. సైకిలేసుకుని వచ్చి చూసుకునేవాడు. ఇప్పుడు అలా లేదు. చిల్లకూరు చెన్నై–నెల్లూరు హైవే మీద ఉంది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయి 2025 చివరి దాకా అందులోనే ఉంది గానీ, అప్పుడు కూడా మా ఇంట్లో నెల్లూరోళ్లం అనడం ఎవరూ మానలేదు. కృష్ణపట్నం పోర్టు దగ్గరే. దానికి తోడు చిల్లకూరు, కోట మండలాల వైపు క్రిస్ సిటీ వస్తోంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి దానికి శంకుస్థాపన చేశారు. దాంతో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు కూడా ఇటువైపు చూస్తున్నారు. వాళ్లు ముందు చూసేది ఫోన్‌లోనే, అదీ ఆఫీసు లిఫ్టులో నిలబడి రెండు సెకన్లు.

ఇంకో తమాషా, కొలతలు. మా వైపు ఇళ్ల స్థలాన్ని అంకణాల్లో చెప్తారు. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు పోతే అదే మాటకి 36. మా స్థలం 25 అంకణాలు. హైదరాబాద్ వాడికి అది 200 గజాలని చెప్పాలి, చెన్నై వాడికి ముప్పావు గ్రౌండు. "25 అంకణాలు" అని మెసేజ్ పెడితే సగం మందికి ఏమీ అర్థం కాదు, తిరుపతి వాడికి తప్పుగా అర్థమవుతుంది. అందుకని వాళ్లంతా ఫోటో చూసి సైజు ఊహించుకుంటారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నేను వెళ్లి హాల్లో మూలకి ఒదిగి నిలబడి 0.5 నొక్కా. 10 బై 14 హాలు స్క్రీన్ మీద చిన్న ఫంక్షన్ హాలైపోయింది. అబ్బో అనుకున్నా. తర్వాత ఎడిటర్ తెరిచి ఏఐ ఎరేజర్‌తో వాకిట్లో ఉన్న పక్కింటివాళ్ల స్కూటర్ తీసేశా. చేయి ఊరుకుంటుందా? గేటు పక్కన కరెంటు స్తంభం తీసేశా. ఉత్తరం గోడ మీద కిటికీ కింద జానెడు వెడల్పున చెమ్మ మరక ఉంది, దాన్నీ వేలితో రుద్దేశా. ఆ జాగాలో ఏఐ ఎంత నున్నటి సున్నం గోడ గీసిందంటే, తాత ఉన్న రోజుల్లో కూడా అది అంత బాగా లేదు.

ఈసారి ఫోన్లు నిజంగానే మోగాయి. స్థలం రేటు అడిగినవాడు ఒక్కడూ లేడు. తర్వాతి ఆదివారం చెన్నైలో స్థిరపడ్డ ఒక తెలుగు కుటుంబం కారేసుకుని వచ్చింది. ఆయన, భార్య, ఆయన తల్లి. గడప దాటగానే ఆయన మొహంలో రంగు మారింది. హాలు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, "ఇదేనా హాలు?" అన్నాడు. ఆ పెద్దావిడ ఏమీ అనకుండా నేరుగా కిటికీ దగ్గరికి పోయి, గోడకి అరచెయ్యి ఆనించి, "ఫోటోలో ఇది లేదే నాయనా" అంది నాతో. కోపంగా కూడా అనలేదు.

నా దగ్గర జవాబు లేదు. చిన్నాయన కాగితాల కవర్ తీయబోతే ఆయన వద్దన్నాడు. ఫోటోలో గోడే మార్చినవాళ్లు దస్తావేజులో ఏం మార్చారో అనుకుని ఉంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. పది నిమిషాల్లో కారు తిప్పుకుని వెళ్లిపోయారు. చిన్నాయన తెప్పించిన కొబ్బరి బోండాలు కొట్టకుండానే అరుగు మీద మిగిలాయి.

ఇప్పుడు మన భాషలో మాట్లాడుకుందాం. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా 24 ఎంఎం దరిదాపుల్లో ఉంటుంది, అంటే మూల నుంచి మూలకి సుమారు 84 డిగ్రీల దృశ్యం. 0.5 అని రాసి ఉండే అల్ట్రావైడ్ 13 ఎంఎం అటూ ఇటూ, దాదాపు 120 డిగ్రీలు. లెన్స్ గదిని పెద్దది చేయలేదు కదా, ఎక్కువ దృశ్యాన్ని అదే స్క్రీన్‌లో ఇరికిస్తుంది. అదే చోట నిలబడి రెండూ తీసి చూడండి. 0.5లో ఎదురు గోడ సగం సైజుకి చిక్కిపోతుంది. చిన్నగా కనిపించేది దూరంగా ఉందని మన బుర్ర లెక్కేసుకుంటుంది, ఆ లెక్క ప్రకారం మన హాలు రెండింతలు పొడవైపోతుంది. ఫ్రేమ్ అంచున ఉన్న గుండ్రటి బిందె కోడిగుడ్డు ఆకారంలోకి సాగితే అనుమానం రావాలి. ఇళ్ల ప్రకటనల్లో నేను ఇప్పుడు ముందు చూసేది ఫ్యాన్లని, అంచుల్లో ఉన్న కుర్చీలని.

మరీ ఇరుకు బాత్రూముకి 0.5 తప్పకపోవచ్చు, ఒప్పుకుంటా. అప్పుడు కింద అడుగుల లెక్క రాసేయాలి.

ఇక ఎరేజర్ సంగతి. 2021లో పిక్సెల్ 6తో మ్యాజిక్ ఎరేజర్ వచ్చినప్పుడు నేనూ మురిసిపోయా. 2023లో పిక్సెల్ 8తో మ్యాజిక్ ఎడిటర్, 2024 మొదట్లో గెలాక్సీ ఎస్24తో జనరేటివ్ ఎడిట్, అదే ఏడాది చివర్లో ఐఫోన్‌కి క్లీనప్ వచ్చాయి. ఇవి ఉండకూడదని నేననను. నేను ఇప్పుడు పెట్టుకున్న లెక్క ఒకటే: కొన్నవాడు తాళంచెవి తీసుకుని వచ్చే రోజుకి ఆ వస్తువు అక్కడ ఉంటుందా ఉండదా? స్కూటర్ ఉండదు, తీసేయొచ్చు. స్తంభం ఉంటుంది. చెమ్మ ఉంటుంది, నవంబర్ వానలకి ఇంకా పెరుగుతుంది కూడా.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి ఏజెంట్లు ఇంటి ఫోటోని డిజిటల్‌గా మార్చి ప్రకటిస్తే ఆ సంగతి చెప్పాలి, మార్చని ఒరిజినల్‌ని కూడా చూసే వీలు కల్పించాలి. వెలుతురు, రంగు సరిచేయడం, నిటారుగా తిప్పడం, క్రాప్ చేయడం లాంటివి అందులోకి రావు. గీత సరైన చోటే గీశారు అనిపిస్తుంది. మన దగ్గర 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం బిల్డర్ తప్పుడు ప్రకటన చూసి అడ్వాన్స్ కట్టి నష్టపోతే పరిహారం అడగొచ్చు. మా ఇంటిలాంటి పాత ఇళ్ల అమ్మకానికి అది వర్తించదు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఉంది. మామూలుగా చూస్తే బయటపడని ముఖ్యమైన లోపం తనకి తెలిసి ఉంటే అమ్మేవాడు కొనేవాడికి చెప్పి తీరాలి. నూట నలభై ఏళ్ల కిందటి చట్టం, ఏఐ ఎరేజర్ ఎరుగదు, అయినా మాట సరిగ్గా సరిపోయింది.

రెండోసారి వెళ్లినప్పుడు ముందు చేసిన పని చీపురు పట్టుకోవడం. రెండోది, చొక్కా అంచుతో లెన్స్ తుడవడం. నవ్వకండి, జేబులో పెట్టుకునే ఫోన్ లెన్స్ మీద జిడ్డే కిటికీ వెలుగుని పొగలా మార్చేది. మా ఇల్లు తూర్పు ముఖం. పొద్దున ఎనిమిదికి ఎండ నేరుగా హాల్లో పడి సగం తెల్లగా, సగం నల్లగా వస్తుంది. పదిన్నరకి ఎండ కిటికీ దాటి పైకి పోయి గదంతా మెత్తటి వెలుగు ఉంటుంది. అప్పుడు తీశా. లైట్లన్నీ ఆపేశా, ఎందుకంటే ట్యూబ్‌లైట్ తెలుపు, బల్బు పసుపు, పగటి వెలుగు మూడూ కలిస్తే ఏ ఫోన్‌కీ రంగు కుదరదు. కెమెరాలో గ్రిడ్ గీతలు ఆన్ చేసి, ఫోన్‌ని ఛాతీ ఎత్తులో పెట్టి, పైకీ కిందికీ వంచకుండా పట్టుకున్నా. అలా పట్టుకుంటేనే తలుపు చట్రాలు నిటారుగా వస్తాయి. మెయిన్ కెమెరాలో గది పట్టకపోతే గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డా. గోడ మీద వేలితో నొక్కి పట్టి ఫోకస్, వెలుగు లాక్ చేశా. మిగతాది హెచ్‌డీఆర్ చూసుకుంది. పాత ఫోన్ అయినా ఇది చేస్తుంది, కొత్తది కొనక్కర్లేదు.

హాల్లో గచ్చు మీద టేపు పరిచి ఒక ఫోటో తీశా. బావి, పెరడు, మిద్దె మెట్లు తీశా. చెమ్మ మరక దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి. గేటు నుంచి పెరటి దాకా ఆపకుండా నడుస్తూ రెండు నిమిషాల వీడియో.

చెమ్మ ఫోటో దగ్గర చిన్నాయనకి, నాకు గట్టిగానే పడింది. "అమ్మేవాడు ఎవడన్నా పుండు చూపించి అమ్ముతాడా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. సంతలో ఎద్దుని కడిగి, కొమ్ములకి నూనె రాసే తీసుకెళ్తారు. నేనూ కడిగే తీశా కదా అన్నా. కుంటికాలు మాత్రం దాచనని చెప్పా. ఆ రోజు నాతో మాట్లాడకుండానే అన్నం తిన్నాడు.

పంపేటప్పుడు ఇంకో సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, హెచ్‌డీ ఎంచుకుంటే కొంచెం నయం. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత పోదు గానీ, లొకేషన్ ఆన్‌లో పెట్టి తీసుంటే ఆ వివరం కూడా ఫైల్‌తో పోతుంది. తాళం వేసిన ఖాళీ ఇంటి అడ్రస్ ఊరంతా తిప్పడం తెలివైన పని కాదు. లొకేషన్ ఆపేసి తీయండి.

ఈసారి ఫోన్లు తక్కువే వచ్చాయి. కానీ చేసినవాళ్ల మొదటి ప్రశ్న ఆ గోడ గురించే, రెండోది బావి గురించి. నెల్లూరు నుంచి వచ్చినాయన ఏకంగా మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రీ మిద్దెక్కి చూసి, వాననీళ్లు దిగే గొట్టం పగిలి గోడలోకి కారుతోందని తేల్చాడు. ఆ మరమ్మతు ఖర్చు తగ్గించమని బేరమాడారు, కొంత తగ్గించాం. పడగొట్టే ఉద్దేశం ఆయనకి లేదు. టేకు తలుపులు తడిమి చూసుకున్నాడు. కాగితాలు అడిగినప్పుడు చిన్నాయన కవర్ తీసిన వేగం చూడాలి.

మన రివ్యూల మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. వంద రెట్లు జూమ్ చేసి చంద్రుణ్ని తీస్తాం, నైట్ మోడ్‌లో ఫ్లైఓవర్లు తీస్తాం. పది అడుగుల గదిలో, ఒకే కిటికీ వెలుగులో, గోడ రంగు గోడ రంగులా వస్తుందా, గీతలు నిటారుగా నిలుస్తాయా అని ఎవరం చూడం. ఫోన్ కంపెనీలు ఎడిట్ చేసినట్టు ఫైల్‌లో గుర్తు పెడుతున్నామంటాయి. ఆ గుర్తు నాలుగు వాట్సాప్ గ్రూపులు, ఒక స్క్రీన్‌షాట్ దాటి మిగులుతుందా అని కూడా పరీక్షించాలి. ఇల్లు కొనేవాడి దాకా వచ్చే ఫోటో ఆ దారినే వస్తుంది.

నా తర్వాతి కెమెరా రివ్యూకి ఆ పరీక్ష పెడదామనుకుంటున్నా. గది మాత్రం వేరేది వెతుక్కోవాలి. శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం.